చిట్టీలో పేరొస్తే ఔట్!

ఏరా శీనూ, మొన్న ఫోన్లో "ఎమ్మెల్యేలేగా ఓట్లేసేది, లెక్క ముందే తెలిసిపోద్ది, ఇంక రాజ్యసభకి పోలింగ్ దేనికిరా" అన్నావ్ కదా, అప్పుడు బస్సులో గోలగోలగా ఉంది, ఇప్పుడు తీరిగ్గా చెప్తా విను.

నువ్వన్నది మన దగ్గర చాలావరకు నిజమే. 2024 ఫిబ్రవరిలో తెలంగాణలో మూడు సీట్లు, 119 మంది ఎమ్మెల్యేలు, అంటే సీటుకి 30 ఓట్లు కావాలి, కాంగ్రెస్‌కి 64 ప్లస్ సీపీఐ ఒకటి కాబట్టి రెండు, బీఆర్ఎస్ గెలిచింది 39 కాబట్టి ఒకటి, అంతా ఏకగ్రీవం, అయిపోయింది.

కానీ అదే నెల 27న హిమాచల్ చూడు. ఒక్కటే సీటు, 68 మందిలో కాంగ్రెస్‌కి 40, బీజేపీకి 25, ఇండిపెండెంట్లు ముగ్గురు. కాంగ్రెస్ అభ్యర్థి అభిషేక్ మను సింఘ్వీ కాలు మీద కాలేసుకుని గెలవాలి. తీరా లెక్కపెడితే 34-34! ఆరుగురు సొంతోళ్ళు, ఆ ముగ్గురూ కలిసి బీజేపీ హర్ష్ మహాజన్‌కి వేసేశారు. అదీ చాటుగా కాదురా బాబూ, అసలు మజా అక్కడే ఉంది. 2003 నుంచి ఇది ఓపెన్ బ్యాలెట్, ఎన్నికల సంఘం ఇచ్చిన ఊదా రంగు స్కెచ్ పెన్నుతోనే పేరు పక్కన 1 వేసి సొంత పార్టీ ఏజెంటుకి చూపించి మరీ బాక్సులో వెయ్యాలి. చూపించకపోతే చెల్లదు, వేరేవాళ్ళకి చూపించినా చెల్లదు, 2017లో గుజరాత్‌లో రెండు ఓట్లు అలాగే పోయి కాంగ్రెస్ అభ్యర్థి అహ్మద్ పటేల్ 44 ఓట్లతో గట్టెక్కాడు. అంటే ఏజెంటు మొహం ముందే అవతలోడికి వేశారన్నమాట, ఏం గుండెరా అది! ఈ ఓటుకి విప్ (అంటే ఇలాగే ఓటెయ్యాలని పార్టీ ఇచ్చే ఆదేశం) కూడా వర్తించదు కాబట్టి దీంతో పదవి పోదు, తర్వాత బడ్జెట్ అప్పుడు విప్ ఇచ్చినా సభకి రాలేదని ఆ ఆరుగురి మీద వేటేశారు.

సరే టై అయింది, చిట్టీలేశారు, సింఘ్వీ పేరొచ్చింది. గెలిచాడనుకుంటాం కదా? కాదు, పేరొచ్చినోడు ఔట్! లోక్‌సభకి టై అయితే పేరొచ్చినోడే గెలుస్తాడు, రాజ్యసభకి మాత్రం ఇలా తిరగేసి. ఆయనే పెద్ద లాయర్ కదా, ఊరుకుంటాడా, ఆ రూల్ తప్పని హైకోర్టుకెళ్ళాడు. నాకైతే ఆయన వాదనే కరెక్టనిపిస్తుంది, నువ్వేమంటావో రాయి.

ఇంకోటి తెలుసా, కేకే గారు (రాజ్యసభ ఎంపీ కే. కేశవరావు) బీఆర్ఎస్ వదిలి కాంగ్రెస్‌కొచ్చి రాజీనామా చేసిన సీటు ఉంది చూడు, అదే ఆగస్టులో సింఘ్వీకిచ్చారు, మన తెలంగాణ నుంచే. ఏకగ్రీవం కాబట్టి ఈసారి చిట్టీ లేదు, ఏజెంటూ లేడు, స్కెచ్ పెన్ను మూత తీసే పనే పడలేదు.

ఉంటా మరి,
నీ రాజు