విద్యార్థుల రెండు నిమిషాల చిత్రాన్ని ప్రదర్శించనివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

మా ప్రాంతంలోని ఒక డిగ్రీ కళాశాలకు చెందిన ఆరుగురు విద్యార్థులు ఈ వేసవిలో ఒక భయానక చిత్రానికి ప్రారంభ సన్నివేశం తీశారు. దాని నిడివి రెండు నిమిషాల పది సెకన్లు. వీడ్కోలు సభలో దాన్ని ప్రదర్శించడానికి ముందు ఒప్పుకున్న కళాశాల వారు, సభ రేపనగా, శుభమా అని జరుపుకొనే సభలో దెయ్యాల సినిమా ఏమిటని, పిల్లలు చదువు మాని ఇలాంటివాటి వెంట పడుతున్నారని నలుగురూ అంటారని చెప్పి వద్దన్నారు. చిత్రీకరణంతా కోనసీమలోని మా పాత మండువా ఇంట్లోనూ, పెరటి వెనుక కాలువ గట్టు మీదా జరిగింది కనుక, ఆ పిల్లలు పడిన శ్రమను మొదటి నుంచి చివరిదాకా దగ్గరుండి చూశాను. ఉన్నత పాఠశాలలో ముప్పై రెండేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి. వాళ్ళు చేసినది చదువు కాదన్న మాట నాకు మింగుడు పడక ఈ లేఖ రాస్తున్నాను.

మార్చి నెలలో మొదటి రెండు వారాలు వాళ్ళు కెమెరా ఊసే ఎత్తలేదు. సాయంత్రాలు మా వీధి అరుగు మీద కూర్చుని, ఒక పొడుగు నోటు పుస్తకంలో పేజీకి ఆరు గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో షాటు బొమ్మ వేసి, దాని కింద ఎన్ని సెకన్లు, ఏ శబ్దం, కెమెరా ఎక్కడ అని రాసుకున్నారు. కథ చిన్నది. సెలవులకు అమ్మమ్మ ఇంటికి వచ్చిన అమ్మాయికి, ఇంట్లో ఎవరూ లేని వేళ, పెరట్లో నూతి గిలక తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది. మొదట రాసుకున్న దానిలో తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, కోసిన నిమ్మకాయలు, కుంకుమ అన్నీ ఉన్నాయి. వాటిని కొట్టేసింది దర్శకత్వం వహించిన అమ్మాయే. "ఇవి కనబడగానే జనం నవ్వేస్తారు మాస్టారండీ, భయపడరు" అన్నది. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో అమాయకులను కొట్టి చంపిన ఘటనలు మన తెలుగు నేల మీద జరిగాయి కనుక, ఆ కొట్టివేత నాకు మరింత సంతోషం కలిగించింది. చివరకు తెర మీద దెయ్యమన్నదే లేకుండా పోయింది.

చిత్రీకరణకు వాళ్ళు కోరుకున్నది పొద్దు గుంకిన తరువాత ఆకాశం నీలంగా ఉండే వేళ. అది మన దగ్గర ఇరవై నిమిషాలు మించి నిలవదు. అందుకని పగలంతా సాధన చేసి, ఆ ఇరవై నిమిషాల్లో రోజుకు రెండు షాట్ల చొప్పున తీసుకున్నారు. ఇంటి లోపలి షాట్లలో ట్యూబులైటు వెలుగు గోడ మీద చారలు చారలుగా కదులుతూ, కెమెరాగా వాడిన ఫోనులో పడింది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు యాభై ఆవృత్తాలు, ఒక్కో ఆవృత్తంలో రెండేసి సార్లు కనుక దీపం సెకనుకు వంద సార్లు మిణుకుమంటుందనీ, ఆ లెక్కకు కుదిరేలా సెకనుకు 25 ఫ్రేములు (విడి బొమ్మలు) పెట్టి, ఒక్కో బొమ్మకు వెలుగును లోపలికి రానిచ్చే షట్టరును సెకనులో 50వ వంతు దగ్గర నిలిపితే చారలు పోతాయనీ ఒక బి.ఎస్సీ. కుర్రాడు వివరించి, అలాగే చేసి చూపించాడు. భౌతిక శాస్త్రంలో చదివిన పాఠం అతనికి మా ఇంటి గోడ మీద అక్కరకు వచ్చింది.

పొరపాట్లు జరగలేదని నేను అనను. ఒక రాత్రి కేక వేసే షాటు తీసేటప్పుడు, వీధిలో ఎవరికీ ముందుగా చెప్పకపోవడంతో, ఆడపిల్ల అరుపు విని ఇరుగుపొరుగు వారు కర్రలు, టార్చిలైట్లు పట్టుకుని పరుగున వచ్చారు. పిల్లలు బెదిరిపోయి అందరికీ క్షమాపణ చెప్పుకున్నారు. మరునాటి నుంచి ప్రతి ఇంటికీ ముందే కబురు చెప్పి, ఆడపిల్లల తల్లిదండ్రుల్లో ఒకరైనా దగ్గర ఉంటేనే రాత్రి పని పెట్టుకున్నారు. కళాశాల వారు అడిగి ఉంటే ఈ జాగ్రత్తల గురించి అడగవలసింది, నేను సాక్ష్యం చెప్పేవాణ్ణి.

రెండో చిక్కు కాలువ వల్ల వచ్చింది. మార్చిలో నిండుగా పారుతున్న కాలువ పక్కన అమ్మాయి నడిచి వచ్చే షాటు తీశారు. మిగిలిపోయిన ఒక్క షాటు కోసం ఏప్రిల్ చివర్లో వచ్చేసరికి, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీరు ఆపి కాలువలు కట్టేశారు. అడుగున నల్లటి బురద, అందులో పక్కకు ఒరిగిన ఒక నాటుపడవ. రెండు షాట్లు పక్కపక్కన పెడితే అతకవు. పిల్లలు ఒక పూటంతా తర్జనభర్జన పడి, నీళ్ళున్న షాటును చిన్ననాటి జ్ఞాపకంగా ముందుకు జరిపి, ఆ బురదను, పడవను వర్తమానంగా వాడుకున్నారు. సన్నివేశంలో ఇప్పటికీ నన్ను కలవరపెట్టేది ఆ పడవే.

ఇక ఎడిటింగ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సుమారు వందేళ్ళ కిందట లెవ్ కులెషోవ్ అనే సోవియట్ దర్శకుడు, ఏ భావమూ లేని ఒక నటుని ముఖాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించి చూపగా, ప్రేక్షకులు అదే ముఖంలో ఒకసారి ఆకలిని, ఒకసారి దుఃఖాన్ని చూశారు. ఈ పిల్లలు దాన్నే నూతి గట్టు దగ్గర చేశారు. అమ్మాయి ముఖం మామూలుగానే ఉంటుంది. తరువాతి షాటులో ఖాళీ చేద ఊగుతుంది. చూసేవారికి ఆమె కళ్ళలో భయం కనబడుతుంది. గిలక కిర్రుమనే చప్పుడును వేరే ఫోనులో పట్టి, గిలక తెర మీదికి రావడానికి మూడు సెకన్ల ముందే వినిపించారు. ఎండు కొబ్బరి మట్టను మండువా గచ్చు మీద ఈడ్చి అడుగుల చప్పుడు పుట్టించారు. అన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించినది వేరే ఉంది. కీచురాళ్ళ రొదను మొదటి నుంచీ సన్నగా వినిపిస్తూ వచ్చి, గిలక ఆగిన క్షణంలో దాన్ని కూడా తెంచేశారు. ఆ నిశ్శబ్దం నాలుగు సెకన్లు. అప్పటిదాకా ఆ రొద ఉన్నదని కూడా గమనించని నేను, అది ఆగగానే కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

సినిమా మన గడ్డకు పరాయిదేమీ కాదు. 1936 నాటికే రాజమహేంద్రవరంలో దుర్గా సినీటోన్ స్టూడియో ఉన్నది. 2009లో వచ్చిన అరుంధతి దర్శకుడు కోడి రామకృష్ణ గారు పాలకొల్లులో పుట్టినవారే. కొబ్బరితోటల అందం కోసం ఎక్కడెక్కడి వారో వచ్చి ఇక్కడ సినిమాలు తీసుకుంటే ఊళ్ళకు ఊళ్ళు ముచ్చటపడి చూస్తాయి. ఇక్కడి పిల్లలు ఇక్కడి నూతినీ, కాలువనూ చూపిస్తే మాత్రం అశుభమంటున్నాము.

సంబంధిత కళాశాల వారికి మీ పత్రిక ద్వారా నా మనవి ఇది. కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యాక ఒక సాయంత్రం ఈ చిత్రాన్ని అందరికీ చూపించి, ఆ పొడుగు నోటు పుస్తకాన్ని కూడా అధ్యాపకులు తిరగేసి, ఇష్టమైతే ప్రాజెక్టు పనిగా మార్కులు వేయండి. పుస్తకం ప్రస్తుతం మా ఇంట్లో భద్రంగా ఉన్నది. ఎప్పుడు అడిగినా తెచ్చి ఇస్తాను.

భవదీయుడు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
అమలాపురం దగ్గర, కోనసీమ