తెలుగు సినిమా విమానంలోనూ తెలుగులోనే వినిపించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మా అమ్మాయి పురిటికని నేనూ మా ఆవిడా హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా డల్లాస్ వెళ్లొచ్చాం. గల్ఫ్‌లో విమానం మారాక ఏకబిగిన దాదాపు 16 గంటల ప్రయాణం. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. చదువుదామంటే కళ్లు సహకరించవు, కూర్చుని నిద్రపోవడం అలవాటు లేదు. ఆమెకి కాలక్షేపమల్లా ముందు సీటు వెనక బిగించిన ఆ జానెడు తెరే.

తనకి నచ్చే హీరో బొమ్మ ఆ తెర మీద కనబడగానే ఎంత సంబరపడిందో! ఇయర్‌ఫోన్లు పెట్టి సినిమా వేసి ఇచ్చాను. రెండు నిమిషాలకే భుజం తట్టి, “ఏవండీ, ఇది మన సినిమాయే కదా, హిందీలో మాట్లాడుతున్నాడేంటి?” అంది. భాష మార్చే చోటంతా వెతికాను. హిందీ తప్ప మరొకటి లేదు. కింద ఇంగ్లిషు అక్షరాలు. తెలుగువాళ్లు తెలుగులో తీసిన సినిమాకి తెలుగే లేదు! విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి చూసి, తన చేతుల్లో ఏమీ లేదని నొచ్చుకుంది. మిగిలిన దారంతా మా ఆవిడ మ్యాపు మీద కదిలే విమానం బొమ్మని చూస్తూ కూర్చుంది.

శంషాబాద్‌లో అర్ధరాత్రి దాటాక అమెరికా ప్రయాణికుల వరసలో ఒక్కసారి నిలబడి చూడండి. కూతుళ్ల, కోడళ్ల పురుళ్లకి పచ్చళ్లూ పొడులూ మూటగట్టుకుని బయల్దేరిన అమ్మలు ఎంతమందో. 2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8.11 కోట్లు. టికెట్ల డబ్బు మన దగ్గర తీసుకుంటున్నప్పుడు మన సినిమాని మన మాటతో వినిపించమనడం గొంతెమ్మ కోరిక కాదు.

నా బాధ విమాన సంస్థల మీద మాత్రమే కాదు, మన నిర్మాతల మీద కూడా. ఒక సినిమాకి థియేటర్ హక్కులు వేరు, శాటిలైట్ వేరు, ఓటీటీ వేరు, హిందీ డబ్బింగ్ వేరు, విమానాల్లో చూపించే హక్కులు వేరు. హిందీ కాపీ ఒకరి చేతిలో, తెలుగు కాపీ మరొకరి చేతిలో ఉంటే ఎవరి సరుకు ముందు చేరితే అదే లోకానికి కనబడుతుంది. ‘ఆర్ఆర్ఆర్’ విషయంలో చూశాం కదా. 2022 మేలో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది హిందీ ప్రతి. తెలుగుది వేరే ఓటీటీలో ఉంది. ప్రపంచంలో చాలామంది ఆ సినిమాని మొదట విన్నది హిందీలోనే. ఇది బాలీవుడ్ సినిమా కాదు, దక్షిణాది నుంచి వచ్చిన తెలుగు సినిమా అని 2023 జనవరిలో అమెరికా ప్రేక్షకులకి రాజమౌళి స్వయంగా చెప్పుకోవలసి వచ్చింది. తెలంగాణ యాసలో పలికిన మాట, గోదావరి యాసలో వేసిన ఎకసెక్కెం, ఉత్తరాంధ్ర యాసలో పెట్టిన శోకం హిందీ డబ్బింగ్‌లో అన్నీ ఒకే గొంతు అయిపోతాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. తిరుగు ప్రయాణంలో నేనొక మలయాళ సినిమా చూశాను. నస అనిపించింది. ఇంటికొచ్చాక కనీసం పదిమందికి “చూడక్కర్లేదు” అని చెప్పాను. రెండు నెలల తర్వాత అదే సినిమాని మా ఇంట్లో టీవీలో చూస్తే, విమానంలో నాకు కనబడని సన్నివేశాలు నాలుగున్నాయి. కథకి ఆయువుపట్టు వాటిలోనే ఉంది. ఒక మంచి సినిమాకి అన్యాయం చేశానని నిజంగా సిగ్గుపడ్డాను. ఆ పదిమందికీ మళ్లీ ఫోన్ చేసి చెప్పాను.

పక్క సీట్లో పసిపిల్లలు ఉంటారు కనక కొన్ని దృశ్యాలు తీసేస్తారు. అది నాకు అర్థమవుతుంది. తీసేశామని చెప్పకపోవడమే తప్పు. 2019లో ఒక అమెరికన్ విమాన సంస్థలో తన సినిమాని ఇలాగే కత్తిరించారని దర్శకురాలు ఒలీవియా వైల్డ్ బహిరంగంగా నిలదీస్తే, తీసేసినవాటిని ఆ సంస్థ తిరిగి పెట్టించింది. మన దర్శకులు కూడా అడగాలి.

కత్తిరించకపోయినా అక్కడ చూసిన సినిమా, నేల మీద చూసిన సినిమా ఒకటి కాదు. విమానం లోపలి గాలి ఒత్తిడి సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుంటుంది. అంటే గంటల తరబడి ఊటీ కొండ మీద కూర్చున్నట్టే. పైగా ఇంజిన్ల హోరు. అందులో నెమ్మదిగా పలికిన మాట వినబడదు, వినబడేది అరుపులే. నిద్రలేమి, అలసట, పిల్లల్ని వదిలి వస్తున్న దిగులు కలిసి మామూలు సన్నివేశానికి కూడా కళ్లల్లో నీళ్లు తెప్పిస్తాయి. విమానం దిగీ దిగగానే “ఫ్లైట్‌లో చూశా, యావరేజ్” అని ఫోన్‌లో తీర్పు రాసేసే యువతకి నా మనవి, ఇంట్లో ఇంకోసారి చూశాక రాయండి. ఒకరి రెండేళ్ల కష్టం అది.

విమాన హక్కులు అమ్మే ఒప్పందంలోనే “తెలుగు ఆడియో తప్పనిసరి” అని నిర్మాతలు ఒక వాక్యం రాయించుకోవాలి. ఆ మాట తెలుగు ఫిల్మ్ ఛాంబర్ తన సభ్యులకి చెప్పాలి. పౌర విమానయాన మంత్రిగా ఉన్న రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం మనిషి. విదేశీ సంస్థలని శాసించలేకపోయినా, తెలుగు ప్రయాణికుల తరఫున ఆయన ఒక ఉత్తరం రాస్తే దానికి విలువ ఉంటుంది. కత్తిరించిన సినిమా మొదట్లో ఎన్ని నిమిషాలు తీసేశారో ఒక్క వరస వేయమని కూడా అందులో అడగాలి.

ప్రయాణం అయ్యాక విమాన సంస్థ మెయిల్‌లో పంపే అభిప్రాయ పత్రాన్ని మనలో చాలామంది తెరవకుండానే వదిలేస్తాం. నేను ఈసారి నింపాను. ‘ఏ భాషలో సినిమాలు కావాలి’ అన్న ప్రశ్న అందులో లేదు. చివర ఉన్న ఖాళీ గడిలో మా ఆవిడ మాటనే రాశాను. మీ పాఠకులు కూడా రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి