లాగ్ దొరికింది: శ్రీకాంత్‌కు హాలియా నుంచి

అరేయ్ శ్రీకాంతూ,

ఎట్లున్నవ్? నీ మెసేజ్‌లకు జవాబివ్వలేదని అలిగి ఉంటావు. ఏమనుకోకురా. వరి కోతలు అయ్యీ కాకముందే వడ్లు కల్లానికి చేరాయి, పైనేమో మబ్బు. వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో తేమ 17 శాతం దాటితే తీసుకోరు కదా. పొద్దున ఆరబోయడం, మాపటికి పట్టాలు కప్పడం, ఇదే బతుకు. అమ్మ బాగుంది. అక్క కొడుకు నడుస్తున్నాడు. మీ అమ్మ మొన్న అంగట్లో కలిసింది, నువ్వు సన్నబడ్డావని దిగులు పెట్టుకుంది, ఈ ఆదివారం తప్పకుండా వీడియో కాల్ చెయ్యి. బత్తాయి రేటు అడగకు, చెబితే ఇద్దరికీ మనసు పాడవుతుంది.

ఇక అసలు సంగతి. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం తగులుతావు, అందుకే రాస్తున్నా. కుదురుగా చదువు.

ఆటలో నన్ను మధ్యమధ్యలో ఆపేసే ఆ లాగ్ దొరికిందిరా! ఎక్కడుందో తెలుసా? తీగలో కాదు, స్తంభం మీద కాదు, "మీ ఊరి నెట్ అంతే" అని నువ్వు తీర్పు చెప్పిన ఆ నెట్‌లో అసలే కాదు. నా టేబుల్ కింద, సీపీయూ వెనకాల, జానెడు జాగాలో ఉంది.

మొదటి నుంచి చెప్తా. నీకు గుర్తుందిగా, పబ్‌జీలో ఇంట్లో దాక్కుని కూర్చుంటే నాకు ఏ కష్టమూ ఉండదు. పారాచూట్‌తో దిగేటప్పుడు, జీపు ఎక్కి ఆటలోని పొచింకీ ఊరి వైపు తిప్పేటప్పుడు మాత్రం బొమ్మ ఆగిపోతుంది. రెండు సెకన్లు అంతా శిల. తర్వాత ఆగిన కాలమంతా ఒక్కసారి మీద పడ్డట్టు జీపు ఎక్కడో చెట్టును గుద్ది పొగలు కక్కుతూ ఉంటుంది. ఆ మిలిటరీ బేస్ వంతెన సంగతి ఇప్పుడు ఎత్తకు. "డ్రైవర్ సాబ్" అని పేరు పెట్టావు, పెట్టావు గానీ అది నా డ్రైవింగ్ కాదని ఇప్పుడు రుజువుతో సహా చెప్పబోతున్నా.

ముందు ఫైబర్ అబ్బాయిని పిలిచాం. పాపం మంచివాడే. ఫోన్ తీసి స్పీడ్ టెస్ట్ పెట్టాడు, 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు 96 చూపించింది. "ఇంకేం గావాలె అన్నా, బ్రహ్మాండంగ వస్తున్నది" అన్నాడు. అతని మాట అబద్ధం కాదు. కానీ ఆ 96 అంకె చెప్పేది మొత్తం మీద ఎంత సరుకు, అంటే డేటా, వచ్చిందో మాత్రమే. ఆటకు అంత సరుకు అక్కర్లేదు. చిన్న చిన్న పొట్లాలు సెకనుకు పదుల కొద్దీ పోతుంటాయి, వస్తుంటాయి. ప్రతి పొట్లం వేళకు రావాలి, అంతే. ఒక్క సెకను సేపు దారి మూసుకుపోయి తర్వాత బారులు తీరి వచ్చినా ఆ అంకెకు పట్టదు. మనకు మాత్రం ప్రాణం పోతుంది. ఈ తేడా ఎవరూ చెప్పరురా, లాగ్ అనగానే పెద్ద ప్లాన్ వేసుకో అంటారు. నాకు దాని మీదే కోపం.

ఆ రాత్రి కంప్యూటర్‌లో రెండు నల్ల కమాండ్ విండోలు తెరిచాను. పింగ్ అంటే ఒక పొట్లం పంపి జవాబు ఎంతసేపటికి వచ్చిందో చూపేది. ఒకదాంట్లో ఆ కమాండ్ మా రౌటర్‌కే పెట్టాను, 192.168.1.1, చివర మైనస్ టి కొడితే ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. రెండోదాంట్లో బయటి లోకానికి, గూగుల్ సర్వర్ 8.8.8.8. పక్కపక్కన పెట్టి ఆట మొదలుపెట్టా. మామూలుగా రౌటర్ 2, 3 మిల్లీసెకన్లు, బయటిది 30 చిల్లర. జీపు ఎక్కాను. రెండూ ఒకేసారి ఎగిరాయి! రౌటర్ విండోలో 2, 3, 2, 380, 610, ఆ తర్వాత 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్'. అర్థమైందా? రౌటర్ మా హాల్లో ఉంది. హాల్ నుంచి నా గదికి రావడానికే ఆరు వందల మిల్లీసెకన్లు పడుతుంటే ఇంక ఫైబర్‌ను, సర్వర్‌ను తిట్టి ఏం లాభం? తప్పంతా గాలిలో, మా ఇంట్లోపలే.

ఆ ఒక్క పరీక్షతో సగం లోకం నిర్దోషి అయిపోయిందిరా. నువ్వూ ముందు అదే చెయ్యి, మిగతావన్నీ తర్వాత.

సరే, గాలిలో ఏముంది? మొదట పక్కిళ్ల మీద అనుమానం పడ్డా. నాది యూఎస్‌బీ సాకెట్‌లో పెట్టే పాత వైఫై డాంగుల్, 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే పడుతుంది. ఆ బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి రాసుకోని ఛానెళ్లు మూడే, 1, 6, 11. ఫోన్‌లో వైఫై అనలైజర్ పెట్టి చూస్తే మా వాడకట్టు రౌటర్లన్నీ 6 మీద ఎక్కి కూర్చున్నాయి, ఒకటైతే 3 మీద ఉండి అటు 1ని, ఇటు 6ని రెంటినీ చెడగొడుతోంది. మాది 11కు మార్చి, ఛానెల్ వెడల్పు 40 నుంచి 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించా. రాత్రి తొమ్మిదింటప్పటి గుంజులాట కొంచెం తగ్గింది, నిజమే. జీపు మాత్రం అట్లనే ఆగింది.

తర్వాత విండోస్ మీద అనుమానం. వైఫై కార్డు మధ్యమధ్యలో చుట్టుపక్కల ఇంకేం నెట్‌వర్కులున్నాయో వెతుకుతుంది, ఆ కాసేపు మన మాట పట్టించుకోదు. కానీ అదైతే గడియారం కొట్టినట్టు ఒక లెక్కలో రావాలి. నాది అట్లా రావడం లేదు. ఇంట్లో ఎవరైనా వీడియో అప్‌లోడ్ చేస్తున్నారా అంటే, అదీ కాదు. అందరూ పడుకున్నాక కూడా అంతే. వేళకు రాదు, మనుషులను బట్టి రాదు. జీపు ఎక్కితేనే వస్తుంది. జీపుకు, వైఫైకి ఏం సంబంధంరా? ఒక దశలో నాకే పిచ్చి లేచింది, పొద్దున కల్లంలో వడ్లు తిరగేస్తూ కూడా అదే ఆలోచన.

ఆ రాత్రి లైటు ఆర్పేసి ఆడుతున్నా. సీపీయూ వెనక గోడ మీద నీలం వెలుగు టపటపా మినుకుమంటోంది. అది హార్డ్ డిస్క్ లైటు. లోపలి డిస్క్ నిండిపోయిందని చిన్నమ్మ కొడుకు ఆటను బయటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి ఇచ్చాడు కదా, అది. ఇంట్లో దాక్కుంటే ఆ లైటు ఊరికే ఉంది. జీపు ఎక్కి దౌడు తీస్తే కొత్త కొత్త ఇళ్లు, చెట్లు, గుట్టలు డిస్క్ నుంచి తోడుకోవాలి కదా, అప్పుడు లైటు ఆగకుండా కొట్టుకుంటోంది. ఇటు పింగ్ విండో చూశా. గోడ మీద వెలుగు కొట్టుకున్నప్పుడల్లా ఇక్కడ నంబరు ఎగురుతోంది. వెలుగు ఆగితే 2, 3, 2. ఒళ్లు జలదరించిందిరా.

ఆట మూసేశా. నెట్‌ను ఎవరూ వాడటం లేదు. రౌటర్ పింగ్ ఒక్కటే నడుస్తోంది. హార్డ్ డిస్క్‌లో అక్క పెళ్లి వీడియో ఉంది, దాన్ని డెస్క్‌టాప్ మీదికి కాపీ పెట్టా. 2, 3, 2, 290, 450, టైమ్డ్ అవుట్. కాపీ ఆపా. 2, 2, 3. మళ్లీ పెట్టా, మళ్లీ ఎగిరింది. అప్పుడు డిస్క్‌ను నీలం సాకెట్ నుంచి పీకి ముందు వైపున్న నల్ల సాకెట్‌లో పెట్టి అదే వీడియో కాపీ చేశా. కాపీ నత్తలా నడిచింది గానీ పింగ్ కదల్లేదు! గట్టిగా అరిచేశానట, అమ్మ లేచి వచ్చింది. "ఏందిరా, అర్ధరాత్రి పెండ్లి వీడియో పెట్టుకొని గంతులేస్తున్నవ్?" అని నుదుటి మీద చెయ్యేసి చూసింది.

ఇంతకీ కారణం ఏమిటంటే, నీలం సాకెట్ యూఎస్‌బీ 3.0. అందులో డేటా సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పోతుంది. ఆ వేగానికి పుట్టే రేడియో చప్పుడు కేబుల్ నుంచి, కనెక్టర్ నుంచి బయటికి కారి, సరిగ్గా మన 2.4 గిగాహెర్ట్జ్ మీద కూడా పడుతుంది. నల్ల సాకెట్ యూఎస్‌బీ 2.0, దాని వేగం 480 మెగాబిట్లే, ఆ గొడవ అక్కడ లేదు. ఇది నేను కనిపెట్టిందేం కాదు, ఇంటెల్ వాళ్లే 2012లో దీని మీద కొలతలతో సహా ఒక పత్రం రాశారు. అయినా నా డబ్బాల మీద ఒక్క ముక్క రాయలేదు, చూడు!

మా ఇంట్లో డాంగుల్, హార్డ్ డిస్క్ రెండూ సీపీయూ వెనక పక్కపక్క నీలం సాకెట్లలో ఉన్నాయి. మధ్యలో వేలు కూడా పట్టదు. రౌటర్ నుంచి వచ్చే సిగ్నల్ రెండు గోడలు, అమ్మ ఇనుప బీరువా దాటుకుని నీరసంగా వస్తుంది. మిర్యాలగూడ మిల్లులో మిషన్ పక్కన నిలబడి గేటు దగ్గరి మనిషి మాట వినబోయినట్టే. డాంగుల్‌కు పొట్లం వినబడదు, అందిందని జవాబివ్వదు, రౌటర్ మళ్లీ పంపుతుంది, మళ్లీ పంపుతుంది, వేగం తగ్గించి ఇంకోసారి పంపుతుంది. ఆ పంపకాలన్నీ అయ్యేదాకా నా జీపు శిల. చప్పుడు ఆగగానే అన్నీ ఒక్కసారి వచ్చి పడతాయి. చెట్టు వచ్చి గుద్దేది అప్పుడే! ఇప్పుడైనా "డ్రైవర్ సాబ్" వెనక్కి తీసుకో.

మందు ఏమిటంటే నవ్వుతావు. ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్, 2.0 రకం, మీటరున్నర. సెంటర్‌లో మొబైల్ షాపులోనే దొరికింది. డాంగుల్‌ను దాని కొసకు పెట్టి, టేబుల్ మీదికి తెచ్చి, బీరువాకు ఎడంగా తలుపు వైపు అతికించా. డిస్క్ మాత్రం కిందనే, మళ్లీ నీలం సాకెట్‌లోనే ఉంది. అంతే. నిన్న రాత్రి పెళ్లి వీడియో మొత్తం కాపీ అవుతుండగా రౌటర్ పింగ్ 2, 3, 2, 5, 3. దేవుడా, ఆ నంబర్లు చూస్తూ కూర్చున్నా చాలాసేపు. ఇంకో వింత, నా వైర్‌లెస్ మౌస్ అప్పుడప్పుడు తడబడేది కదా, బ్యాటరీ అనుకున్నాం. దానిదీ 2.4 గిగాహెర్ట్జే. దాని రిసీవర్‌ను ముందుకు మార్చేసరికి అదీ కుదురుకుంది.

ఒక మాట చెప్పాలి, ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. ఈ మధ్య నువ్వు మీ ఆఫీసు వాళ్లతో స్క్వాడ్, అదే జట్టు, కట్టి ఆడుతున్నావని చూశాను. ప్రతిసారీ మధ్యలో ఆగిపోయేవాడితో ఎవరు ఆడతారు, నిన్ననడం లేదు. కానీ నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర రోజూ చాయ్ తాగినోళ్లం, ఇప్పుడు మనిద్దరం కలిసి కూర్చునేది ఆ గంట ఒక్కటే కదరా. అందుకే ఇంత పట్టు పట్టాను. సరే, వదిలెయ్.

రౌటర్ నుంచి నా గదికి నెట్ కేబుల్ లాగితే ఇంకా మంచిది, నాకూ తెలుసు. క్యాట్ 6 వైరు వంద మీటర్ల దాకా నిక్షేపంగా పోతుంది, గాలి గొడవే ఉండదు. కానీ దసరాకే సున్నాలు, రంగులు అయ్యాయి, గోడకు డ్రిల్లింగ్ మిషన్ పెడితే నాయిన ఊరుకోడు. సంక్రాంతి అయ్యాక సజ్జ మీది నుంచి తలుపు సందులోకి తెస్తా, అక్కను ముందు పెట్టి అడిగిస్తా. ఆయనకు కూతురి మాట...

నీ సంగతికి వద్దాం. నీకూ ఆగుతోందన్నావు గదా. నీది ల్యాప్‌టాప్, పైగా 5 గిగాహెర్ట్జ్, కాబట్టి నా జబ్బు నీకు ఉండదు. రెండు విండోల పరీక్ష పెట్టు. రౌటర్ పింగ్ కూడా ఎగిరితే గదిలోనే ఏదో ఉంది. గడియారం చూసి రాసుకో, ఒక లెక్క ప్రకారం వస్తుంటే విండోస్ వెతుకులాట, ముందు లొకేషన్ సెట్టింగ్ ఆపి చూడు, దాని కోసమూ వెతుకుతుంది. రౌటర్ బాగానే ఉండి బయటిది ఒక్కటే ఎగిరితే మీ రూంమేట్ల ఫోన్లు చూడు. ఫొటోలు బ్యాకప్ అవుతుంటే అప్‌లోడ్ దారి నిండి నీ పొట్లాలు రౌటర్‌లో వరసలో నిలబడతాయి. కొన్ని రౌటర్లలో ఎస్‌క్యూఎం అని ఆ వరసను అదుపు చేసే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టి అప్‌లోడ్‌ను ప్లాన్ కంటే కొంచెం తక్కువకు కట్టేస్తే ఆ వరస పెరగదు. మీ రౌటర్‌లో అది లేకపోతే రాత్రి పది నుంచి పదకొండు దాకా బ్యాకప్ ఆపమని అది పెట్టిన పెద్దమనిషినే బతిమాలు, మన "ఉప్పు డబ్బా" కథ చెబుతానని బెదిరించు, వింటాడు.

ఇంకోటి, 5 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ కూడా చూసుకో. 52 నుంచి 144 మధ్యలో ఉంటే, అక్కడ రాడార్లు కూడా ఉంటాయి కాబట్టి, రాడార్ వినబడిందని రౌటర్ ఉన్నట్టుండి వేరే ఛానెల్‌కు దూకేస్తుంది, 36 నుంచి 48 లోపు పెట్టుకుంటే ఆ భయం ఉండదు. దాని వెడల్పు సంగతి కూడా

అరేయ్, నాయిన పిలుస్తున్నాడు, ఐకేపీ సెంటర్‌కు లారీ వచ్చిందట, బస్తాలు ఎక్కించాలి. ఇప్పుడు పోకపోతే మళ్లీ రేపటికి పడుతుంది. రాత్రి పదింటికి లాగిన్ అవుతా, నువ్వుండు. జీపు నేనే నడుపుతా.

యాదగిరి