తమ్ముడికి, లీడ్స్ నుంచి

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ మీ బావ, పిల్లలు, నేను కులాసా. కొత్తగా పెట్టించుకున్న కృత్రిమ కాలు ఒరుసుకుని పుండు పడిందని మరదలు ఫోన్లో చెప్పింది. ఓర్చుకుని తిరగకు. చేసిన వాళ్ళ దగ్గరికెళ్ళి చూపించు, సరిచేసి ఇస్తారు.

ఇంకో మాట కూడా చెప్పింది. అది విన్న దగ్గర్నుంచి ఒళ్ళు మండిపోతోంది. "మెడికల్ ఇన్వాలిడేషన్ పెట్టేసుకో, ఆ ఉద్యోగం మీ ఆవిడకి వేయిద్దాం" అని మీ ఆఫీసులో పెద్దాయన సలహా ఇచ్చాడట. అంటే ఒంట్లో బాగాలేదు, ఇక పని చెయ్యలేనని రాసిచ్చి ముందే రిటైరైపొమ్మని. నాన్నగారేమో "పోనీ ఇంటిపట్టున ఉండి కొబ్బరితోట చూసుకుంటాడు" అన్నారట. తోట చూసుకోవడానికి కాళ్ళు అక్కర్లేదు కాబోలు! బోదెలు దాటి, గట్లెక్కి, దింపు తీసేవాళ్ళ వెనకాల తిరగడం సుళువూ, కుర్చీలో కూర్చుని ఫైలు రాయడం కష్టమూనా?

ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షన్ తీసి చదువు. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చెయ్యలేకపోతే అదే జీతం స్కేలుతో వేరే పోస్టులోకి మార్చాలి. అలాంటి పోస్టే లేదంటే, దొరికేదాకానో రిటైరయ్యేదాకానో అదనపు పోస్టులో ఉంచొచ్చని కూడా అందులోనే ఉంది. ఇది కొత్తగా వచ్చిందేం కాదు, 1995 చట్టంలోనూ ఉన్నదే. కునాల్ సింగ్ అనే కానిస్టేబుల్‌కి కాలు తీసేస్తే ఇన్వాలిడేషన్ కింద ఇంటికి పంపేశారు. 2003లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. ఇన్వాలిడ్ పెన్షన్ ఇచ్చాం కదా అన్న వాదనా నిలబడలేదు. నీకు పెడుతున్న కాగితమూ అదే.

సరిగా వినపడని నా చెవుల సంగతి నీకు తెలుసుగా. ఇప్పటి ఆఫీసులో చేరినప్పుడు "నీకేం కావాలి" అని వాళ్ళే అడిగారు. గోడకి వీపు ఆనేలా సీటు ఇచ్చారు, వెనక నుంచి ఎవరో వచ్చి ఉలిక్కిపడే బాధ లేదు. మీటింగుల్లో మాటలు తెర మీద అక్షరాలుగా పడతాయి. ఫైర్ అలారం మోగితే నా నడుముకున్న చిన్న పేజరు గుర్రుమంటుంది. ఇక్కడ బ్రిటన్‌లో 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్ ప్రకారం ఇలాంటి ఏర్పాట్ల ఖర్చు ఉద్యోగి నెత్తిన వెయ్యకూడదు. కొన్నిటికి యాక్సెస్ టు వర్క్ అనే పథకం కింద ప్రభుత్వమే డబ్బిస్తుంది.

అలాగని ఇదేదో స్వర్గం అనుకోకు. దీనికి ముందు చేసిన చోట ఎన్నిసార్లు నోటితో అడిగినా "చూద్దాం" అనేవాడు మేనేజరు. ఫలానాది కావాలి, ఫలానా చట్టం ప్రకారం అడుగుతున్నాను అని మెయిల్ పెట్టాకే కదిలాడు. ఎక్కడైనా కాగితానికున్న బలం నోటికి లేదురా.

అందుకని నువ్వు "కష్టంగా ఉంది సార్, దయ చూడండి" అని రాయకు. దయ ఎందుకు? కావలసినవి రాయి. మేడ మీద సెక్షన్ నుంచి కింద గదిలోకి సీటు. వెస్టర్న్ టాయిలెట్, పక్కన పట్టుకోవడానికి కడ్డీ (ఆ కాలితో గొంతుకు కూర్చోలేవని ఆ పెద్దాయనకి తట్టను కూడా తట్టదు). గోదావరికి వరదొస్తే లంకల్లోకి పడవల మీద పంపే డ్యూటీ బదులు కంట్రోల్ రూమ్‌లో డ్యూటీ. చివర 20వ సెక్షన్ పేరు రాసి, వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ జిరాక్స్ జత చెయ్యి. తపాలు సెక్షన్‌లో ఇచ్చి, నీ కాపీ మీద ఇన్వార్డ్ నంబరూ తేదీ ముద్రా వేయించుకో. ఆ తర్వాతే పెద్దాయన గదిలోకి వెళ్ళు. అప్పటికీ కదలకపోతే, అదే చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ ఆఫీసుకీ వికలాంగుల ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి. మీకు ఎవరో కనుక్కో.

మరదలికి ఉద్యోగం చెయ్యాలనుంటే తన డిగ్రీ తనకుంది, తన పరీక్ష తను రాసుకుంటుంది. నీ కుర్చీ ఖాళీ చెయ్యనక్కర్లేదు. నాన్నగారితో ఆదివారం నేను మాట్లాడతాను, నువ్వు వాదనకి దిగకు. దరఖాస్తు రాయగానే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, ఇచ్చేముందు ఒకసారి చూస్తాను.

మీ అక్క