రీఫ్ ట్యాంకులో మందు పోసేముందు తుప్పు వెతకండి

సంపాదకులకు నమస్కారం.

మా బరంపురంలో పగడాలూ సముద్రపు చేపలూ పెంచే ఉప్పునీటి రీఫ్ ట్యాంకులు పెట్టుకున్న మిత్రుల ఇళ్లలో ఒకటే గొడవ చూస్తున్నాను. పగడాలు ముడుచుకుపోతాయి, నత్తలు అద్దం మీంచి జారిపడతాయి, టెన్షన్‌తో షాపుకి పరిగెడితే వాళ్లు ఏదో ఒక మందు సీసా చేతిలో పెట్టి పంపేస్తారు. నీళ్లలో తుప్పు పట్టిన వస్తువేమైనా ఉందా అని ఒక్కరూ అడగరు!

మొన్న ఒక స్నేహితుడి ట్యాంకులో దొరికింది అద్దం తుడిచే అయస్కాంతం. పైకి నున్నగానే ఉంది. తిప్పి చూస్తే ప్లాస్టిక్ అతుకు దగ్గర గోధుమరంగు గీత, గోటితో నొక్కితే తుప్పునీరు కారింది. లోపలుండే నియోడిమియం అయస్కాంతాలకు సాధారణంగా నికెల్, రాగి పూత ఉంటుంది, వెంట్రుకంత సందు దొరికితే చాలు, ఉప్పునీరు దూరి అయస్కాంతం తుప్పుతో ఉబ్బి ప్లాస్టిక్ పెంకును ఇంకా చీలుస్తుంది. నీళ్లలో అలలు పుట్టించే వేవ్‌మేకర్ పంపుల అయస్కాంతాలకీ ఇదే ప్రమాదం.

స్టెయిన్‌లెస్ అన్న మాట నమ్మి ఊరుకోకండి. గోపాల్‌పూర్ ఒడ్డున ఉప్పుగాలికే కిటికీ గ్రిల్స్ ఏమవుతున్నాయో చూస్తూనే ఉన్నాం కదా, ట్యాంకులో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. 304 రకం స్టీలును ఉప్పులోని క్లోరైడు గుంటలు గుంటలుగా తినేస్తుంది, మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకం ఇంకొంత కాలం ఆగుతుంది, అంతే. పైపు క్లాంపు, లైటు స్టాండు స్క్రూ, ఉప్పునీళ్లు మోసే బకెట్ ఇనుప పిడి, అన్నీ చూసుకోవాలి. ప్లాస్టిక్ మేలు, లోహం తప్పదంటే టైటానియం.

ఒట్టి ఇనుప తుప్పుతో ఎక్కువగా నాచు పెరుగుతుంది. అసలు విషం అయస్కాంతం పూతలో ఉండే రాగి. చేపల తెల్లమచ్చల జబ్బుకి అమ్మే రాగి మందు లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల దగ్గర పనిచేస్తుంది, ఆ మోతాదే రొయ్యలకీ నత్తలకీ పగడాలకీ ప్రాణాంతకం, పైగా రాళ్లూ ఇసుకా దాన్ని పట్టుకుని తర్వాత మెల్లగా వదులుతుంటాయి. అందుకే జబ్బు చేపకి వైద్యం వేరే తొట్టిలోనే చెయ్యాలి.

తుప్పు కనిపిస్తే ముందు ప్లగ్గులు పీకి, ఆ వస్తువు తీసేయండి. ఆర్‌ఓ నీళ్లలో ఉప్పు కలిపి, సాంద్రతా వేడీ ట్యాంకుతో సమానం చేసుకుని, కొన్ని రోజులపాటు కొంచెం కొంచెంగా నీళ్లు మార్చండి. ఒకేసారి మొత్తం మార్చొద్దు, ఆ కుదుపుకే పగడాలు పోతాయి. నీళ్లలోని మలినాల్ని పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ కొత్తది పెట్టండి, రాగిని పట్టే రెజిన్ దొరికితే అది ఇంకా మంచిది.

షాపులవాళ్లకి నా విన్నపం ఒక్కటే. "మెరైన్ గ్రేడ్" అని నోటితో చెప్పడం కాదు, ఏ స్టీలో బిల్లు మీద రాసివ్వండి, అతుకు విడిపోయిన అయస్కాంతాన్ని వెనక్కి తీసుకోండి. అందులో పెరిగేవి ప్రాణాలు, డబ్బు పోస్తే తిరిగొచ్చేవి కావు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా