పెళ్లి జనరేటర్‌కు మొక్కల లెక్క: ఈ ఏడాది నుంచి మారేవి

మా దగ్గర షామియానా, లైటింగ్, జనరేటర్ బుక్ చేసుకునేవారికి: బుకింగ్‌తో పాటు నాటే మొక్కల పద్ధతి మారుస్తున్నాం.

లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఒక పెళ్లికి 100 లీటర్లు కాలితే 268 కిలోలు. అందులో కార్బన్ దాదాపు 73 కిలోలు. ఎండుకట్టె బరువులో సుమారు సగం కార్బనే కనుక, అంత కార్బన్ చెట్టులోకి చేరాలంటే 146 కిలోల ఎండుకట్టె కొత్తగా పెరగాలి. మోకాలెత్తు మొక్కకు అది ఏళ్ల పని, అదీ బతికితే. అందుకే ‘కాలుష్యం లేని పెళ్లి’ అని ఫ్లెక్సీ వేయమంటే ఇకపై వేయం. ముందు డీజిలే తగ్గిద్దాం. చిన్న లోడుకు పెద్ద జనరేటర్ పెడితే యూనిట్‌కు ఎక్కువ తాగుతుంది. ఏసీలు, లైట్లు ఎన్నో ముందే చెప్పండి, సరిపడేదే పంపుతాం.

పెళ్లిరోజు మొక్కలు నాటం. మాఘం, వైశాఖం ముహూర్తాలప్పుడు నేలలో తడి ఉండదు. మేలో రెండడుగుల గుంటలు తవ్వి ఎండనిస్తాం. పైమట్టిలో 5 కిలోల మాగిన పశువుల ఎరువు, చెదలు పట్టకుండా పావుకిలో వేపపిండి కలిపి, జూలైలో మంచి వానలు పడ్డాక నాటుతాం.

ఎక్కువ మొక్కలు పాడయ్యేది కవరు దగ్గరే. నర్సరీలో ఎక్కువ కాలం ఉన్న మొక్కకు తల్లివేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. అలాగే పాతితే రెండేళ్లు పచ్చగానే ఉండి, మూడో ఏడు గాలివానకు ఒరిగిపోతుంది. కవరును బ్లేడుతో నిలువునా కోసి, మట్టిగడ్డ విడిపోకుండా తీసి, చుట్టుకున్న వేరును అడుగున అంగుళం మేర కోసేయాలి. ఫొటోల హడావుడిలో కవరుతో సహా పాతేవాళ్లూ ఉన్నారు!

చెల్క నేలకు కానుగ, వేప, రేల. తడి నిలిచే చోట తెల్లమద్ది, నేరేడు. మేకలు వేపను వదలవు, కంచె తప్పదు. కానుగ జోలికి పెద్దగా రావు. రేగడి ఎండాకాలం బీటలు వారి లేత వేళ్లను తెంపుతుంది, మొదట్లో ఎండుగడ్డి పరవాలి. కోనోకార్పస్ మాత్రం ఎంత అడిగినా నాటం.

మీ స్థలంలోనే కావాలంటే జూన్‌లోపు చెప్పండి. మొదటి రెండు వేసవుల్లో వారానికి మొక్కకు 20 లీటర్ల నీళ్లు ఎవరు పోస్తారో కూడా చెప్పాలి.