ఆటబల్ల మీద విషం ఇంత చప్పగా ఉండాలా?

సంపాదకులకు,

అయ్యా,

హైదరాబాద్‌లో వారాంతాల్లో కేఫుల్లోనూ స్నేహితుల ఇళ్లలోనూ బల్ల చుట్టూ చేరి యువతీయువకులు ఆడుకుంటున్న, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి కల్పిత కథను నడిపించే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో విషాల ప్రస్తావన తరచూ వస్తోందనీ, అది పిల్లల మనసులను పాడుచేస్తుందేమోననీ కొందరు పెద్దలు ఆందోళన పడుతున్నారు. ఈ ఆటలను కొన్నేళ్లుగా నడిపిస్తున్న గేమ్ మాస్టర్‌గా నా ఫిర్యాదు వేరు. మన బల్లల దగ్గర విషాన్ని మరీ నిస్సారంగా వాడుతున్నాం.

1974లో తొలిసారి వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట పాత రూపాల్లో చాలా విషాలకు పాచిక తప్పితే పాత్ర అక్కడికక్కడే చనిపోయేది. 2014 నాటి అయిదో ఎడిషన్ ఆ కాఠిన్యాన్ని బాగా తగ్గించి, తాకితే, తింటే, పీలిస్తే, గాయంలోకి దిగితే పనిచేసేవంటూ విషాలను నాలుగు తెగలుగా విడదీసింది. అయినా ఆచరణలో జరిగేది ఒక సేవింగ్ త్రో (ముప్పు తప్పించుకోవడానికి వేసే పాచిక) వేయడం, ఓడితే కొన్ని హిట్ పాయింట్లు (పాత్ర ప్రాణబలాన్ని కొలిచే అంకెలు) కొట్టివేయడం, అంతే. 50 బంగారు నాణేలకు దొరికే విరుగుడు సీసా ఏ విషం మీదైనా ఒకే తీరుగా గంటసేపు అక్కరకొస్తుంది. అలాంటప్పుడు అది ఏ విషమో, ఎవరు పెట్టారో ఆరా తీయవలసిన అవసరం ఆటగాడికి ఏముంటుంది?

ఇంతకన్నా పటిష్ఠమైన చట్రం మన దగ్గరే ఉంది. ఆయుర్వేదపు ఎనిమిది అంగాల్లో విషచికిత్సను చెప్పే అగదతంత్రం ఒకటి. ప్రాచీన ఆయుర్వేద గ్రంథమైన సుశ్రుత సంహితలోని కల్పస్థానం అనే భాగం విషాలను చెట్లూ ఖనిజాల నుంచి వచ్చే స్థావరాలుగా, పాములూ తేళ్ల వంటి ప్రాణుల నుంచి వచ్చే జంగమాలుగా విభజించి, విషం ఒంట్లో ఏడు వేగాలుగా, అంటే దశలుగా, ముదురుతుందనీ ఒక్కో వేగానికి చికిత్స మారుతుందనీ చెబుతుంది. స్థావర విషపు తొలి వేగంలో నాలుక నల్లబడి బిగుసుకుపోతుంది, రెండో వేగంలో వణుకు, మంట, గొంతునొప్పి మొదలవుతాయి. దీన్ని ఆటలోకి తెస్తే, ఒక్కో వేగానికీ మధ్య కొంత కాలం పెట్టవచ్చు. నాలుక రంగు చూసి విషం జాతిని పోల్చుకునే పని వైద్య పాత్రకు దక్కుతుంది. మూలిక కోసం అడవిలోకి ఎవరు వెళ్లాలి, రోగి పక్కన ఎవరు ఉండాలి అన్న తర్జనభర్జన మొదలవుతుంది. భారతం ఆదిపర్వంలో దుర్యోధనుడు భీముడికి పెట్టిన విషం నాగుల కాటుతో విరిగిపోయిన ఘట్టం గుర్తున్న ఆటగాడైతే, విరుగుడు కోసం తానే పాముల గుహకు బయలుదేరినా ఆశ్చర్యం లేదు.

సామగ్రికీ దూరం వెళ్లనక్కరలేదు. విషం కలిసిన అన్నం వడ్డిస్తే పగిలిపోతాయని పూర్వం ప్రభువులు నమ్మిన సెలడాన్ (లేత ఆకుపచ్చ మెరుగు పూసిన పింగాణీ) గిన్నెలూ పళ్లేల వంటివి సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ నమ్మకం నిజం కాకపోయినా, ఒకే ఒక్కసారి పనిచేసి ముక్కలైపోయే అలాంటి పళ్లెం చేతికిస్తే, దాన్ని ఏ విందులో బయటకు తీయాలో తేల్చుకోవడానికే ఆటగాళ్లకు ఒక సాయంత్రం పడుతుంది. చార్మినార్ పక్కన నిజామియా యునానీ ఆసుపత్రి ఉన్న నగరంలో, మూలికల అంగడిని వర్ణించడానికి విదేశీ నవలల పొగమంచు వీధులను అరువు తెచ్చుకోవడం నాకు వింతగానే తోస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం నేను పెద్దల పక్షమే. మన రోడ్ల డివైడర్ల మీద పూసే గన్నేరు గుండెను దెబ్బతీస్తుంది, ఖాళీ స్థలాల్లో మొలిచే ఉమ్మెత్త మతి తప్పిస్తుంది. ఇవి కల్పనలు కావు. కాబట్టి బల్ల మీద నిజమైన విషమొక్కల మోతాదులు, తయారీ విధానాలు చర్చకు రానివ్వకూడదు. తులసి, తిప్పతీగ వంటి పేర్లను వాతావరణం కోసం ఉంచుకుని, ప్రాణం తీసే మొక్కకు మాత్రం నల్లవెన్నెల తీగ వంటి కల్పిత నామమే పెట్టాలి. పాముకాటును ఆకుపసరుతో నయం చేసే సన్నివేశం కథలో వచ్చినప్పుడు, నిజ జీవితంలో వెంటనే ఆసుపత్రికి వెళ్లి యాంటీవీనమ్ వేయించుకోవాలని చిన్న ఆటగాళ్లకు అక్కడే చెప్పడం గేమ్ మాస్టర్ బాధ్యత. పాత్రలు ఒకరికొకరు విషం పెట్టుకోవడం తమకు సమ్మతమేనా అని క్యాంపెయిన్ (పలు సిట్టింగుల్లో సాగే కథ) మొదలుకాకముందే అందరినీ అడగాలి. ఒక్కరు వద్దన్నా ఆ ఆయుధాన్ని శత్రువుల చేతికే పరిమితం చేయాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హైదరాబాద్